సర్కారు సైటులో మా అత్తయ్య ఊరి నీళ్ళు

పరిశోధనకి కావలసిన సమాచారమంతా సర్కారు సైటులో ఉచితంగా దొరుకుతుందని మా కాలేజీ సెమినార్లలో తెగ చెబుతుంటారు. చెప్పేవాళ్ళ మొహాలు చూస్తే ఆ సైటు ఒక్కసారైనా తెరిచిన మొహాల్లా ఉండవు. నేను భీమవరంలో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. రొయ్యల చెరువులు పెరిగాక చుట్టుపక్కల ఊళ్ళలో భూమిలోపలి నీళ్ళు ఎంత ఉప్పెక్కాయో తేల్చాలని పీహెచ్‌డీలో చేరాను. ఊరూరా తిరిగి నీళ్ళు పట్టుకొచ్చే తీరిక ఉద్యోగస్థురాలికి ఎక్కడిది? అందుకని ఆ పుణ్యాత్ముల మాట నమ్మి సైటు తెరిచాను.

మొదటి ఫైలు ఎవరో మహానుభావుడు కాగితాన్ని అడ్డంగా పెట్టి స్కాన్ చేసింది. మెడ పక్కకి వాల్చి చదువుకోవాలి. రెండోదాంట్లో ఊళ్ళ పేర్లున్నాయి, అంకెలు లేవు. మూడోదాంట్లో అంకెలున్నాయి, అవి ఏ ఊరివో లేదు. జిల్లాలు విడదీశాక కొన్ని ఊళ్ళు రెండు జిల్లాల్లోనూ కనిపిస్తున్నాయి, కొన్ని ఎటూ కాకుండా పోయాయి. ఒక బోరు ఎక్కడుందో మ్యాపులో పెట్టి చూస్తే బంగాళాఖాతంలో తేలింది. నడిసముద్రంలో ఉన్న ఆ బోరు నీళ్ళు తాగడానికి భేషుగ్గా ఉన్నాయని పక్కనే రాసి ఉంది. ఇదేంటని అక్కడిచ్చిన చిరునామాకి మెయిల్ పెడితే, పెట్టె నిండిపోయిందని క్షణంలో జవాబొచ్చింది. ఆ సైటు మొత్తంలో ఠంచనుగా పనిచేసేది ఆ జవాబొక్కటే.

మా గైడు గారు మాత్రం నిశ్చింతగా ఉన్నారు. "రిఫరెన్సు ఇచ్చి వదిలెయ్యమ్మా. గవర్నమెంటు డేటా కదా, తప్పుంటే వాళ్ళది. మనకేంటి?" అన్నారు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదమనడమే అది. కాకపోతే ఆయన ఏసీ గదిలో కూర్చుని, నున్నగా చెప్పారు.

వదిలేసేదాన్నేమో కూడా. కానీ ఆ పట్టికలో మా మేనత్త ఊరు కనిపించింది. నరసాపురం దాటి సముద్రం వైపు వెళ్తే వస్తుంది. ఊరి చుట్టూ రొయ్యల చెరువులే. అక్కడి బోరు నీళ్ళతో కందిపప్పు ఉడకదు. సబ్బు రుద్దితే నురగ రాదు, తలంటుకుంటే జుట్టు చీపురైపోతుంది. ఆ ఊరి నీళ్ళు, సర్కారు వారి లెక్క ప్రకారం, మంచినీళ్ళు. నెల తర్వాత నెల, ఏడాది తర్వాత ఏడాది, దాదాపు ఒకే అంకె.

ఇది నా చదువుతో పోయే సంగతైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆ ఊరివాళ్ళు గోదారి నీళ్ళ పైపులైను కోసం అర్జీల మీద అర్జీలు పెట్టుకుంటున్నారు. అత్తయ్యకి మోకాళ్ళు అరిగిపోయాయి. వ్యాన్లో వచ్చే మినరల్ వాటర్ క్యాను తాగడానికీ వంటకీ కొంటుంది. మిగతా వాడకానికంతా ఆ ఉప్పు నీళ్ళే. చదువుకున్నదాన్ని కదా అని కనుక్కోమంది. నీళ్ళ ఆఫీసుకి వెళ్ళాను.

అక్కడి పెద్దాయన కంప్యూటర్ నా వైపు తిప్పి, ఆ పట్టికే నాకు చూపించారు. "చూడండి మేడమ్, ఈ ఊళ్ళో నీళ్ళు బాగానే ఉన్నాయి కదండీ. పైపులైను ఇచ్చేది నీళ్ళు బాగోలేని ఊళ్ళకండి."

"ఒకసారి ఎవరైనా వెళ్ళి చూడొచ్చు కదండీ?"

"డేటా ఉన్న ఊరికి మేం వెళ్ళం మేడమ్. డేటా లేకపోతేనే ఇంజనీరు గారు స్వయంగా వెళ్ళి చూడాలి. రూలండి."

అంటే అబద్ధం ఉన్నంతకాలం నిజానికి సెలవన్నమాట. ఆ మాట పైకే అన్నాను. ఆయన నవ్వి, టీ తాగి వెళ్ళమన్నారు. మర్యాదకి ఏం లోటు లేదు.

ఇంత నికార్సయిన అబద్ధం ఎక్కడ తయారవుతోందో చూడాలనిపించి, నీళ్ళు పరీక్షించే మనిషి వచ్చే రోజు కనుక్కుని అత్తయ్య ఇంటికి వెళ్ళాను. మోటార్‌సైకిల్ మీద వచ్చాడు, నడివయసు కాంట్రాక్టు ఉద్యోగి. ఊళ్ళో పెద్ద బోరు అత్తయ్య గుమ్మం ముందే ఉంది కాబట్టి ఎప్పుడూ అక్కడే ఆగుతాడట. హెల్మెట్ తీసి అరుగు మీద కూర్చున్నాడు. అత్తయ్య కుంటుకుంటూ లోపలికెళ్ళి, క్యాన్లోంచి నీళ్ళు సీసాలోకి వంచి, పైట చెంగుతో తుడిచి మరీ ఆయన చేతిలో పెట్టింది. ఆయన అందులో ఉప్పు కొలిచే మీటరు ముంచి, ఫోన్లో అంకె కొట్టి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. బోరు వంక ఇద్దరూ చూడలేదు.

ఆయన బండి మలుపు తిరిగేదాకా ఓర్చుకున్నాను. తిరిగాక మాత్రం ఆగలేదు.

"అవి కొన్న నీళ్ళు కదే అత్తయ్యా!"

"మరేం ఇమ్మంటావే? ఎండన పడొచ్చిన మనిషి చేతిలో ఆ కంపు నీళ్ళు పెట్టనా? మన ఇంటి మర్యాదేం కాను?"

"ఆయన తాగడానికి అడగలేదే!"

"ఎందుకడిగినా నీళ్ళు నీళ్ళే. అయినా ఈ ఊరి నీళ్ళు బాగోవని కంప్యూటర్లో ఎక్కితే మన మగపిల్లలకి పిల్లనెవరిస్తారే?"

పక్కింటావిడ కూడా వచ్చి అత్తయ్యనే సమర్థించింది. అత్తయ్య ఊళ్ళో లేని నెలల్లో ఆవిడైతే క్యాను నీళ్ళు ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా ఇస్తుందట.

చచ్చేంత కోపం వచ్చింది నాకు. మా గోదారోళ్ళ మర్యాద గురించి లోకమంతా చెప్పుకుంటుంది, మేమూ మురిసిపోతాం. ఇంటికొచ్చిన అల్లుడికి పెట్టినట్టు గవర్నమెంటు మీటరుకి కూడా మర్యాద చేసి, ఆ మర్యాదతోనే పైపులైను పోగొట్టుకునే తెలివి మాకు తప్ప ఎవరికీ ఉండదు. ఆ ఉద్యోగి అంతకన్నా ఘనుడు. సముద్రపు గాలికి మోటార్‌సైకిల్ తుప్పు పట్టే ఊళ్ళో నీళ్ళు కొబ్బరి నీళ్ళలా ఉంటే, ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన్ని వెక్కిరిస్తున్న నేను, అదే అంకె మీద పరిశోధన కట్టబోయాను. ఎవరిని చూసినా ఒకరిని మించినవారొకరు.

ఆ అంకె ఏం చేస్తుందో అత్తయ్యకి విడమరిచి చెప్పాను. వినిపించుకోనట్టు బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

తర్వాత కొన్నాళ్ళకి అత్తయ్య దగ్గర్నుంచి ఫోనొచ్చింది. నీలం పైపులు వేసుకున్న లారీలు వాళ్ళ వీధిలోంచే పక్క ఊరికి వెళ్ళాయట. గుమ్మంలో నిలబడి అన్నీ చూసిందట. "వాళ్ళ నీళ్ళు మనకన్నా నయమే. వాళ్ళకిచ్చారేంటే?" అని అడిగింది. వాళ్ళు మీటరుకి బోరు నీళ్ళే ఇచ్చి ఉంటారన్నాను. "ఈసారి ఆయనొచ్చినప్పుడు నువ్వు కూడా రా" అని పెట్టేసింది.

వెళ్ళాను. ఆయన వచ్చి ఎప్పటిలాగే అరుగు మీద కూర్చున్నాడు. అత్తయ్య ఖాళీ సీసా పట్టుకుని మెట్లు దిగింది. నేను కొడతానన్నా వినకుండా తనే బోరు కొట్టి, సీసా నింపి తెచ్చింది. సిగ్గుతో ఆవిడ మొహం ఎర్రబడిపోయింది. ఆయన మీటరు ముంచాడు. అంకె చూసి తుడిచి మళ్ళీ ముంచాడు. ఫోన్లో కొడితే ఎర్రగా ఏదో వచ్చింది.

"ఇంత అంకె యాప్ తీసుకోదండి. ఎప్పుడూ ఇచ్చే నీళ్ళే ఇవ్వండమ్మా" అన్నాడు, చాలా మర్యాదగా.

"ఊరందరం వాడేవి ఇవే నాయనా."

"నిజమేనండి. కానీ ఇది ఒప్పుకోదు కదండీ."

పైనుంచి కింద దాకా ఈ ఊరి నిజాన్ని ఒప్పుకునేది ఒక్కటీ లేదు, ఆఖరికి ఫోను కూడా. ఆయన బ్యాగులోంచి తను తాగే నీళ్ళ సీసా తీసి మూత తిప్పాడు. తాగడానికనుకున్నాను. మీటరు అందులో ముంచబోయాడు. నేను అరవబోయాను.

"ఆగు నాయనా. ఎండన పడొచ్చావు, ముందు కాస్త మజ్జిగ తాగు" అంది అత్తయ్య.

ఈవిడ మర్యాద తగలెయ్య అనుకున్నాను. లోపలికెళ్ళి గ్లాసు నిండా తెచ్చింది. ఆయన సీసా కింద పెట్టి గ్లాసెత్తి పెద్ద గుక్క తాగాడు. నోట్లోది మింగాలో ఉమ్మాలో తెలియక ఒక్క క్షణం ఆగి, కష్టం మీద మింగాడు.

"ఉప్పు బాగా ఎక్కువైనట్టుందండీ."

"ఉప్పు వెయ్యలేదు నాయనా" అంది అత్తయ్య.

ఆయన గ్లాసు వంకా బోరు వంకా చూశాడు. అన్నేళ్ళలో ఆ బోరు వంక చూడటం అదే మొదటిసారేమో. తన సీసా మూత బిగించి బ్యాగులో పెట్టుకుని, మీటరు తుడుచుకుని, ఫోన్లో ఏం నొక్కాడో మాకు చూపించకుండా వెళ్ళిపోయాడు. అత్తయ్య ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. ఇంటికొచ్చినవాడికి ఆ నీళ్ళు పోశానే అని ఒకటే బాధ.

నెల తిరిగాక సైటు తెరిచాను. సముద్రంలో బోరు అక్కడే ఉంది, దాని నీళ్ళు ఇంకా తియ్యగానే ఉన్నాయి. కిందకి దిగి అత్తయ్య ఊరి వరస వెతికాను. అంకె లేదు. గడి ఖాళీగా ఉంది. ఇక ఆ ఇంజనీరు గారు స్వయంగా రాక తప్పదు. ఆ పట్టిక మొత్తంలో నేను నమ్మింది ఆ ఒక్క గడినే.