బండి వద్దందట

మా ఆయన కారును చూస్తే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. శంషాబాద్‌లో మా గల్లీలో దానికున్న మర్యాద మనుషులకు లేదు. దానికో రేకుల షెడ్డు, మీద కప్పడానికి బట్ట, ముందు వేలాడే నిమ్మకాయ. నెలకోసారి తుక్కుగూడ పోయి ప్లాటు చూసి రావడమే అది చేసే కష్టం. మిగతా రోజులు ఆయన దాని చుట్టూ తిరిగి తుడుస్తూ ఉంటాడు. తా వలచింది రంభ, తా మునిగింది గంగ అని ఊరికే అనలేదు.

దసరాకు దానికి చేసిన పూజ చూసి నవ్వు ఆపుకోలేకపోయాను. బానెట్ తెరిచి లోపలి బ్యాటరీకి కూడా పసుపు మెత్తాడు, బొట్లు పెట్టాడు, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు దాని మీదే చల్లాడు. తీగల మీద నీళ్ళెందుకని అడిగితే నీకేం తెలుసని కసిరాడు. ఆ తరువాత కడిగిన పాపాన పోలేదు.

దీపావళి పోయాక మా ఆడబిడ్డకు ఎయిర్‌పోర్టులో ఉద్యోగానికి పిలుపొచ్చింది. ఆయనకు ఒక్కతే చెల్లెలు. డిగ్రీ అయ్యాక ఇంట్లో కూర్చుని కూర్చుని పిల్ల వాడిపోయింది. ఇంటర్వ్యూకు పది గంటలకల్లా రావాలి, ఆలస్యమైతే లోపలికి రానివ్వం అని ముందే చెప్పారు. మా ఆయన నోటితో సరేనన్నాడు గానీ, రాత్రి డ్యూటీలుంటాయని తెలిసినప్పటినుంచి మొహం మాడ్చుకునే ఉన్నాడు. ఆటోలో పోతానని పిల్ల అంటే, ఇంట్లో కారు పెట్టుకుని ఆటో ఎక్కితే నలుగురూ ఏమనుకుంటారని అడ్డుపడ్డాడు. తనే దింపుతానన్నాడు.

ఆ పొద్దున ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, సర్టిఫికెట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని కారులో కూర్చుంది. ఆయన తాళంచెవి తిప్పాడు. టక్కుమంది. మళ్ళీ తిప్పాడు. టక్, టక్. లోపల లైట్లు వెలుగుతున్నాయి, చెవి తిప్పగానే మినుకుమని ఆరిపోతున్నాయి. ఇంజను మాత్రం కదలదు.

మగవాళ్ళకు బానెట్ తెరిచిన కారు కనిపిస్తే చాలు, బెల్లం చుట్టూ ఈగల్లా మూగుతారు. పాలు పోసే ఆయన పెట్రోలు అయిపోయిందన్నాడు. ముల్లు సగంలో ఉంది. ఎదురింటి రిటైర్డ్ సారు సెల్ఫ్ మోటారు పోయిందని తేల్చాడు. ఆ సారు జన్మలో కారు నడపలేదు. చివరికి అందరూ కలిసి తోద్దామన్నారు. గేర్లు మార్చే పనే లేని బండి అని కొన్ననాడు ఊరంతా డప్పు కొట్టుకున్నది మా ఆయనే. అలాంటి బండి తోస్తే స్టార్టు కాదు. ఆ సంగతి ఆయనకు తెలియదో, తెలిసీ చెప్పడానికి నామోషీ పడ్డాడో నాకు ఇప్పటికీ తెలియదు. కిరాణా దుకాణం దాకా తోశారు. చెమటలు కక్కుతూ మళ్ళీ ఇంటిదాకా తోసుకొచ్చారు. పిల్ల లోపలే కూర్చుని ఫోన్‌లో టైం చూసుకుంటోంది.

అప్పటిదాకా వాకిట్లో కుర్చీ వేసుకుని చాయ్ తాగుతున్న మా ఆయన మేనమామ అప్పుడు నోరు తెరిచాడు.

"జర ఆగుండ్రి. ఆడపిల్ల గడప దాటంగనే బండి మొరాయించిందంటే ఏంది? పోవద్దని బండే చెప్తుంది."

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. మా ఆయన మొహం ఒక్కసారిగా విప్పారింది. నేను కళ్ళారా చూశాను. కారు చెడిందన్న బాధ లేదు, చెల్లెలి పని చెడుతోందన్న బాధ అసలే లేదు. ఆ నిమిషం ఆయన మీద నాకు కలిగింది కోపం కాదు, అసహ్యం.

"గట్లనే ఉంది మామా. ఇయ్యాల వద్దులే, మల్లొకసారి చూద్దం" అన్నాడు. మళ్ళీ ఎవరు పిలుస్తారు?

పిల్ల కారు దిగి ఇంట్లోకి వచ్చింది. నేనూ వెనకే వెళ్ళాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. పెరటి తలుపు తీసి, మెయిన్‌రోడ్డు మీద ఆటో పట్టుకొమ్మని చెప్పాను. వీళ్ళ సంగతి నేను చూసుకుంటానన్నాను. పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళ గిన్నె పట్టుకుని కారు దగ్గరికి నడిచాను.

మా పుట్టింట్లో ట్రాక్టరు ఉండేది. టక్కుమని ఊరుకుంటే ముందు బ్యాటరీ కొసలు చూడాలని అక్కడ అందరికీ తెలుసు. పానా తెమ్మని మా ఆయనకు పని చెప్పి, పసుపు గీకాను. కింద తీగ బిగించేచోట తెల్లటి పొడి గడ్డకట్టి ఉంది. ఆయన భక్తి అంతా అక్కడే పేరుకుంది. తీగలు విప్పి, వేడినీళ్ళతో కడిగి, గీకి, గుడ్డతో పొడిగా తుడిచి బిగించాను. కావాలనే తాపీగా చేశాను. ఎడమకు తిప్పు, కుడికి తిప్పు అని అన్ని తలలూ బానెట్‌లోకే వంగి ఉన్నాయి. ఒక్క తల కూడా ఇంటివైపు తిరగలేదు.

ఈసారి ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. బ్యాటరీయేనని తనకు ముందే అనుమానమని సారు అన్నాడు. చెడు ఘడియ దాటిపోయిందని మేనమామ అన్నాడు. ఇక తప్పేది లేక మా ఆయన చెల్లెల్ని పిలిచాడు. ఎప్పుడో ఆటోలో పోయిందని చెప్పాను. "బండి ఉండంగ ఆటోల పోయిందా?" అని ఆ మనిషి కారు వంక జాలిగా చూశాడు.

ఆమెకు ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు కంపెనీ బండే గల్లీలోకి వచ్చి ఎక్కించుకుపోతుంది. మొన్న చుట్టాల ఇంట్లో దావత్‌కు పోయినప్పుడు, మా చెల్లె ఎయిర్‌పోర్టుల చేస్తదని మా ఆయన పంక్తి అంతటికీ వినబడేలా చెప్పాడు. ఇంటర్వ్యూ నాడు తనే తన బండిలో దింపి వచ్చానని కూడా కలిపాడు. పక్కనే కూర్చున్న ఆమె తినడం ఆపలేదు, గొంతు పెంచలేదు.

"నువ్వు దింపలే అన్నా. ఆ దినం బండి కదలకపోవుడే మంచిగైంది. మామ పోవద్దన్నప్పుడు నీ మొకం నేను గూడ చూసిన. బండి కదిలినా, సగం తొవ్వల నుంచే మలుపుకొస్తుంటివి."