కోటేష్ హైదరాబాద్ పోయిన రోజు

కోటేష్ ఏ ఊరికి పోయినా రెండుసార్లు పోతడు. ఒకసారి బండి మీద, ఇంకోసారి నోటి మీద. బండి మీద పోయినప్పుడు వాన పడుతది, టైరు పంక్చరైతది, దారి తప్పుతది. నోటి మీద పోయినప్పుడు అవేమీ ఉండయి.

ఖమ్మంల ఒక ట్రాక్టర్ల షోరూంల సేల్స్ పని ఆయనది. పుట్టింది కారేపల్లి పక్కన తండాల. షోరూంలకు రైతు వచ్చి కూసుంటే చాలు, టీ తెప్పిస్తడు. ఆ టీ వచ్చేలోపు రైతు పొలం, బోరు, బిడ్డ పెండ్లి అన్నీ కనుక్కుంటడు. టీ అయిపోయేలోపు తన టూర్ల కథలల్లకు దిగుతడు. ట్రాక్టర్ సంగతి మర్చిపోతడు. ఎట్లనో అవి అమ్ముడైతనే ఉంటయి, కథ ఆపించేటందుకే కొంటున్నరని షోరూంల కొందరి అనుమానం.

భార్య హేమలతది కుసుమంచి దిక్కు తండా. పెద్ద దవాఖానల ల్యాబ్ టెక్నీషియన్. పొద్దంతా సూది పట్టుకొని జనం రక్తం తీసి వస్తది గనుక ఇంటికాడ తక్కువ మాట్లాడుతది. ఆ తక్కువే కోటేష్‌కు ఎక్కువ.

పెండ్లైన కొత్తల అరకు పోదామన్నడు. టికెట్లు తనే తీసిండు. తీసినట్టు షోరూంకు చెప్పిండు, వాడకట్టుకు చెప్పిండు, ఇంటి ఓనర్ వెంకటేశ్వరరావు సారుకు రెండుసార్లు చెప్పిండు. రైలెక్కినంక టీసీ వచ్చి ఫోన్ల టికెట్ చూసి, "బాబూ, తారీఖు కరెక్టే గని నెల వేరే" అన్నడు. మధిరల దిగిన్రు. గప్పుడే ఇంటికి పోతే పరువు పోతదని, తెల్లారకముందే వచ్చి ముందు తలుపు తాళం అట్లనే ఉంచి, వెనక తలుపు నుంచి లోపలికి దూరిన్రు. రెండు దినాలు గుసగుసలే. రెండో రోజు కోటేష్‌కు పప్పు తినాలనిపించి కుక్కర్ పెట్టిండు. తాళమేసిన ఇంట్ల కుక్కర్ విజిల్ ఇని వెంకటేశ్వరరావు సారు కర్ర పట్టుకొని, పక్కింటోళ్ళను ఎంటేసుకొని వెనక నుంచి వచ్చిండు.

"అరకుల వానలు సార్, జల్దీ వచ్చినం" అన్నడు కోటేష్, చేతిల గరిటెతోని.

సారుది సత్తుపల్లి వైపు, రిటైరైన టీచరు. "వచ్చేటప్పుడు తాళం తీయడం కూడా మర్చిపోయారా అబ్బాయ్?" అని కర్ర అక్కడనే పడేసి పోయిండు.

ఇట్లాంటి మనిషికి పోయిన వానకాలం ఫోన్ల ఒక వీడియో దొరికింది. చర్ల దాటి అడవిల ఎక్కడనో తెల్లగ దుంకుతున్న జలపాతం. బండి తీసిండు. హేమలత వెనక కూసుంది. చర్ల దాటినంక పోలీసు క్యాంపు కాడ ఆపిన్రు.

"ఎటు?"

"జలపాతం చూడనీకి సార్."

"ఈ వానలల్లనా? ముందుకు రోడ్డే లేదు." పోలీసాయన హేమలత దిక్కు చూసిండు. "అమ్మా, నువ్వన్న చెప్పొద్దా?"

"చెప్పిన సార్. కొత్తగూడెంల చెప్పిన, భద్రాచలంల చెప్పిన, చర్లల చెప్పిన. ఇంక మీరే చెప్పాలె."

బండి తిప్పిండు గని, వచ్చిన దారినే పోతే ఆయన కోటేష్ ఎట్లైతడు? పోడు చేన్ల నడుమ అడ్డదారి కనిపెట్టిండు. ఆ దారి తిన్నగ పోయి వాగుల పడ్డది, దాని ఎనక బండి పడ్డది. ఇంజిన్ దాకా బురద. పైన వాన. కోటేష్ వాగు నడుమ బండి సీటు పట్టుకొని నిలబడి, "హేమా, ఎవర్నన్న పిలువు" అని అరిచిండు. తనే ఊరి దాకా ఉరికింది.

గోపాలు అనే కోయ రైతు, ఇంకో ఇద్దరు వచ్చి బండిని బొంగులకు కట్టి ఎత్తి ఒడ్డుకు పెట్టిన్రు. ఇంటికి తీస్కపోయిన్రు. గోపాలు భార్య భీమక్క పొయ్యి రాజేసింది. మగోళ్ళ బట్టలేవీ ఆరలేదని కోటేష్‌కు తన పాత చీర ఇచ్చింది. అది చుట్టుకొని పొయ్యి కాడ కూసున్నడు. వెనక చీకట్ల కట్టేసిన మేక తుమ్మింది. కోటేష్ కేకేసి గోపాలు మీద పడ్డడు. నవ్వుకుంటనే వాళ్ళు కోడిని కోసిన్రు. ఇంట్ల ఉన్న ఒక్క మంచం వీళ్ళకిచ్చి, వాళ్ళు కింద పండిన్రు.

తెల్లారి బండి నడిచింది. కోటేష్‌కు నిజంగనే మనసు నిండింది. గోపాలు చేతులు పట్టుకున్నడు. "అన్నా, ఖమ్మం వస్తే మా ఇల్లే నీ ఇల్లు. ఇంకో కాడికి పోయినవంటే నా మీద ఒట్టు." గోపాలు ఫోన్ల తన నంబరు తనే ఎక్కించిండు.

ఖమ్మం వచ్చినంక కథ నడక మారింది. మొదటిసారి చెప్పినప్పుడు బండిని నలుగురు కలిసి ఎత్తిన్రు. రెండోసారికి కోటేష్ ముందు పట్టిండు, మిగిలినోళ్ళు చెయ్యేసిన్రు. మూడోసారికి మేక పోయి ఎలుగుబంటి వచ్చింది. ఆ ఎలుగును చూసి గోపాలు చెట్టెక్కిండు, కోటేష్ మండుతున్న కట్టె పట్టుకొని నిలబడ్డడు. చీర ముచ్చటైతే ఏ కథలనూ లేదు. వెంకటేశ్వరరావు సారు ఈ ఎలుగును చానా సార్లు ఇన్నడు. ఇన్నప్పుడల్లా, "పాపం ఆ గోపాలు దిగాడా?" అని అడుగుతడు.

ఒక రోజు మధ్యాహ్నం షోరూంల ఉండంగ ఫోన్ మోగింది.

"తమ్మీ, నేను గోపాలును. మీ అక్కకు కండ్లల్ల శుక్లాలంట. పెద్ద దవాఖానల చూపెట్టనీకి తీస్కొచ్చిన. ఇయ్యాల ఉండాల్సొస్తదంట. ఇప్పుడే బస్టాండ్ల దిగినం, మీ ఇల్లు ఎటు?"

కోటేష్‌కు ముందుగాల గోపాలు యాదికి రాలేదు, ఎలుగు యాదికొచ్చింది. మెట్ల కాడ కుర్చీల కూసునే వెంకటేశ్వరరావు సారు యాదికొచ్చిండు. నోరు తనంతట తనే తెరుచుకుంది.

"అయ్యో అన్నా! నేను హైదరాబాద్‌ల ఉన్న. కంపెనీ మీటింగ్."

గప్పుడే షోరూం ముందట ఆటోవాడు "బస్టాండ్, బస్టాండ్, గాంధీచౌక్" అని గొంతు చించుకొని అరిచిండు. ఆ అరుపు అటు దిక్కు గోపాలుకూ ఇనబడ్డది.

"మంచిది తమ్మీ. పని చూస్కో" అన్నడు.

కోటేష్ చెమట తుడుచుకున్నడు. కండ్లకు ఆపరేషన్ అంటే ముందు రక్తపరీక్ష చేస్తరని, ఆ రక్తం తీసేది తన పెండ్లామేనని ఆ తెలివికి తట్టలేదు.

దవాఖాన ల్యాబ్‌ల హేమలత పేరు పిలిచింది. భీమక్క వచ్చి కూసుంది. "అయ్యో బిడ్డా, నువ్వా!" అని గొంతు గుర్తుపట్టింది. "మీ ఆయన హైదరాబాద్ పోయిండంట గద?"

పొద్దుగాల షోరూంకని కోటేష్‌కు టిఫిన్ డబ్బా తనే కట్టిచ్చింది. హేమలత సూది తీసి దూది పెట్టింది. "అవ్ అక్కా, పోయిండు" అన్నది. డ్యూటీ అయినంక ఇద్దర్నీ ఆటోల ఇంటికి తీస్కపోయింది.

సాయంత్రం కోటేష్ ఈల ఏసుకుంట వచ్చిండు. గడప ముందట ఎర్రమన్ను అంటిన చెప్పులున్నయి. లోపల గోపాలు గొంతు. కోటేష్ ఎనకకే నడిచి మెట్ల కింద నుంచి ఫోన్ చేసిండు.

"హేమా, వాళ్ళెప్పుడు పోతరు?"

"హైదరాబాద్‌ల సిగ్నల్ మంచిగనే ఉందే" అన్నది హేమలత. "రేపు పోతరు. నువ్వు నిమ్మళంగ రా." పెట్టేసింది.

ఎటు పోవాలె? డాబా ఎక్కిండు. నీళ్ళ ట్యాంకు చాటున కూసున్నడు. దోమలు ముసిరినయి. కింద నుంచి కోడికూర వాసన వస్తున్నది. వాళ్ళ ఇంట్ల కింద పండుకున్న ఆ ఇద్దరూ కండ్ల ముందట మెదిలిన్రు. దిగిపోయి తప్పైందని చెప్పేస్తే? లేచిండు. ఏమని చెప్పాలెనో తెల్వక మళ్ళ కూసున్నడు. కోటేష్‌కు మాట దొరకకపోవుడు అదే మొదలు.

కింద హేమలత మోటార్ వేసి, చుట్టాల ముచ్చట్లల్ల పడి మర్చిపోయింది. ఆ ఇంట్ల అది రోజూ జరిగే పనే. రోజూ మర్చిపోయేది కోటేష్, అరిచేది హేమలత. ట్యాంకు నిండి, పైన ఉన్న పైపు నుంచి నీళ్ళు సక్కగ కోటేష్ నెత్తి మీద పడ్డయి. "అమ్మో" అన్నడు. కింద గోడెంట నీళ్ళు కారుడు చూసి వెంకటేశ్వరరావు సారు కోపంగ పైకొచ్చిండు.

"ఏమయ్యా కోటేషూ! మోటారు ఆపకుండా ఇక్కడ స్నానం చేస్తున్నావా?"

ఆయనది పిల్లలకు పాఠం చెప్పిన గొంతు. వాడకట్టంతా ఇన్నది. హేమలత, ఆమె ఎనక గోపాలు పైకొచ్చిన్రు. గోపాలు తడిసిన కోటేష్‌ను చూసిండు. భుజం మీది తువ్వాల తీసి ఇచ్చిండు.

"ఎప్పుడొచ్చినవ్ తమ్మీ హైదరాబాద్ నుంచి?"

"ఇప్పుడే అన్నా."

"బస్సు డాబా మీదనే ఆపినట్టుంది" అన్నది హేమలత.

హేమలత నోట గోపాలు అనే పేరు ఇన్నంక సారు ఇంటికి పోతడా? వాళ్ళతోనే కింద ఇంట్లకొచ్చి కుర్చీ ఏసుకున్నడు. "నువ్వేనా నాయనా, ఎలుగుబంటిని చూసి చెట్టెక్కింది?"

గోపాలు కోటేష్ మొఖం చూసిండు. తువ్వాల చాటు నుంచి కోటేష్ రెండు కండ్లు దండం పెడుతున్నయి. గోపాలుకు సంగతి సగం అర్థమైంది.

"అవ్ సార్" అన్నడు మెల్లగ. "భయమైంది. ఎక్కిన."

కోటేష్‌కు పానం లేచొచ్చింది. గని మూలకు కూసున్న భీమక్క కండ్లల్ల డాక్టర్లు చుక్కల మందేసిన్రు. ఆమెకు అంతా మసక. కోటేష్ సైగలు కనిపియ్యవు, మొగని సైగలూ కనిపియ్యవు.

"ఏం ఎలుగయ్యా!" అన్నది. "మేక తుమ్మింది. ఈ పిలగాడు నా చీర కట్టుకొని పొయ్యి కాడ కూసొని, 'అమ్మా' అని అరిచి మా ఆయన ఒళ్ళో పడ్డడు. చెట్టెక్కింది ఎవరు? నీకేమన్న మతి పోయిందా?" అని గోపాలును తిట్టి, మేక ఎట్ల తుమ్మిందో, కోటేష్ ఎట్ల అరిచిండో రెండూ చేసి చూపెట్టింది. మేక కన్న కోటేష్ మంచిగ వచ్చిండు.

వెంకటేశ్వరరావు సారు కడుపు పట్టుకొని నవ్విండు, కండ్లజోడు కింద పడ్డది. హేమలత వంటింట్లకు పోయి నవ్వింది. కోటేష్ నేల చూసుకుంట, "చీర నిజమే సార్" అన్నడు. ఆ కథల ఆయన చెప్పిన మొదటి నిజం అది.

గోపాలు మాత్రం నవ్వలేదు. ఆయన పక్కకు జరిగి తినేటందుకు కోటేష్‌కు జాగ ఇచ్చిండు. కోటేష్ ఆ జాగల కూసొని పిడికెడు అన్నమే పెట్టుకున్నడు. హేమలత ఇంకో గరిటె కూర ఏసింది. అది జాలో, శిక్షో ఆయనకు తెల్వలేదు.

మరుసటి నెల ఆపరేషన్‌కు మళ్ళ వచ్చిన్రు. ఈసారి కోటేష్ సెలవు పెట్టి బస్టాండ్‌కు బస్సు కన్న ముందే పోయిండు. మంచం వాళ్ళకిచ్చిండు, తను కింద పండిండు, పండినట్టు తెల్లారి షోరూంల చెప్పిండు. హేమలత డ్యూటీకి పోతే, ఆపరేషన్‌కు ముందు భీమక్క కండ్లల్ల ఏసే చుక్కలు తనే ఏసిండు. ఒక చుక్క కంట్ల పడితే రెండు ముక్కు మీద పడ్డయి. భీమక్క తిట్టింది, మళ్ళ ఏపించుకుంది.

ఆపరేషనై కట్టు ఇప్పినంక భీమక్క ఇంటికొచ్చి గడపల నిలబడింది. హేమలతను చూసి గదువ పట్టుకుంది. గోడ చూసింది, ఫ్యాన్ చూసింది. ఆఖరుకు కోటేష్‌ను కింది నుంచి మీది దాకా చూసింది.

"ఏందయ్యా, గింత పొట్టోడివా నువ్వు? నీ మాటలు ఇని మస్తు పొడుగుంటవనుకున్న."

హేమలత గోడ పట్టుకొని నవ్వింది. గోపాలు "ఊకో" అని పెండ్లాన్ని గదిమిండు.

"అక్కా, ఇంకా కండ్లద్దాలియ్యలేదు గద, గట్లనే కనిపిస్తది" అన్నడు కోటేష్, మడిమలు కొంచెం పైకి లేపి నిలబడి.