గేదెల వేటగాడి నోటీసు

ఒక మనిషి పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, అత్తవారి ఊరిని కర్రలతో సహా తన మీదికి ఎలా రప్పించుకోగలడో ఇప్పుడు చెబుతాను. ఆ మనిషిని నేనే. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

తొంభైల నడిమి రోజులు. ఆటోనగర్‌లో ఒక షెడ్డులో లేత్ మీద పనిచేసేవాణ్ణి. సెలవు దొరికితే చాలు, పోర్టు వైపు పాత ఓడల సామాను అమ్మే దుకాణాల్లో తిరిగేవాణ్ణి. ఒకసారి అక్కడ ఒక పెట్టె దొరికింది. ఏ కెప్టెన్ గది గోడకో అలంకారంగా వేలాడిన సామాను అందులో ఉంది: నా ఛాతీ దాకా వచ్చే పాత తుపాకీ, తూటాలు గుచ్చుకునే తోలు బెల్టు, తోలు ఒలిచే వంకర కత్తి, అడ్డంగా కలిపి కట్టిన రెండు కర్రలు. తుపాకీ గొట్టంలో సీసం పోసి మూసేశారు. లోపల పేల్చే సరంజామా ఏదీ లేదు. దానికంటే మా ఇంట్లో ప్రెషర్ కుక్కరు ప్రమాదకరం.

పెట్టె అడుగున ఒక ఇంగ్లీషు పత్రిక కూడా ఉంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని పది రోజులు చదివాను. ఒకప్పుడు అమెరికా మైదానాల్లో మందలు మందలుగా తిరిగిన బఫెలోలను వేటాడినవాళ్ల సామానట ఇది. తుపాకీ ఆరు నెలల పిల్లంత బరువు. అందుకని ఆ రెండు కర్రల మీద ఆనించి, దూరంగా నేలమీద పడుకుని కాల్చేవారట. ఆ తోళ్లు ఫ్యాక్టరీల్లో మిషన్లు తిప్పే బెల్టులయ్యేవట. మిషన్ల మధ్య బతికేవాణ్ణి, అది చదివాక ఇక నన్ను పట్టేవాళ్లు లేకపోయారు. షెడ్డులో ఎవరు టీకి పిలిచినా బఫెలో కబుర్లతోనే జవాబు చెప్పేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే గోపాలపట్నంలో మా వీధి కుర్రాళ్లు పాత వస్తువుల ప్రదర్శన పెట్టారు. ఎక్కువమంది చూసిన బల్లకి షీల్డు ఇస్తారు. కిందటేడు నా బల్ల దగ్గరికి వచ్చినవాళ్లు పదకొండు మంది. అందులో ఏడుగురు వానకి తలదాచుకున్నవాళ్లు. షీల్డు అగ్గిపెట్టెల బొమ్మలు దాచుకున్నాయనకి వెళ్లింది. ఈసారి వదలకూడదనుకున్నాను. నోటీసు నేనే రాశాను. మొదట 'పాతకాలపు అమెరికా సామాను' అని పెట్టి, అందులో పస లేదని ఆ మాటలు కొట్టేశాను. మిగిలింది ఇది:

'గేదెల వేటగాడు వస్తున్నాడు. తుపాకీ, కత్తి, తోలు ఒలిచే విధానం. ఆదివారం పది గంటలకు గోపాలపట్నంలో కళ్లారా చూడండి.'

నా తెలివికి నేనే మురిసిపోయి, పాల వ్యాన్ డ్రైవరుకి ఒక కట్ట ఇచ్చి దారి పొడుగునా అంటించమన్నాను. ఆ వ్యాను ఆనందపురం దాకా వెళుతుంది. మా అత్తవారి ఊరు ఆ పక్కనే. అంతకు రెండు రోజుల ముందే మా మామగారు అప్పన్నగారి గేదె తప్పిపోయిందని కబురొచ్చి, మా ఆవిడ సత్యవతి పుట్టింటికి వెళ్లింది. వెళుతూ నన్నూ రమ్మంది. నాకు ప్రదర్శన ఉందనీ, గేదె ఎక్కడికీ పోదనీ చెప్పి పంపించాను. ఈ రెండు విషయాలూ నా బుర్రలో రెండు వేరు వేరు గదుల్లో ఉండిపోయాయి. మధ్యన తలుపు లేదు.

ఆదివారం నా వేషం చూడాల్సింది. పెద్ద టోపీ, నాటకాల దుకాణంలో తెచ్చిన గడ్డం, నడుముకి బెల్టు. వేటగాడికి కళ్లజోడేమిటని అదీ తీసేశాను. అది లేకపోతే నాకు నాలుగడుగుల అవతల మనుషులూ స్తంభాలూ ఒక్కలాగే కనిపిస్తారు.

పదిన్నరకి బయట లారీ ఆగిన చప్పుడైంది. బిలబిలమంటూ జనం లోపలికొచ్చారు. షీల్డు నా చేతిలో పడ్డట్టే అనుకున్నాను. ముందున్న తెల్ల పంచె అడిగింది.

"గేదెల్ని ఏసేది నువ్వేనా బావూ?"

గొంతు బొంగురు చేసి మొదలుపెట్టాను. "నేనే. ఇలా పడుకుంటాను. మందకి నేను కనిపించను. ఒక్క పూటలో వందని పడగొడతాను."

"మాంసం ఏటి సేత్తావు?"

"మాంసం నాకెందుకు? తోలు ఒలుచుకుని, మిగతాది గద్దలకి వదిలేస్తాను."

అందరూ ఒక్కసారి ఇంకో అడుగు నా దగ్గరికి జరిగారు. దాన్ని నేను భక్తి అనుకున్నాను.

"కుడికొమ్ము ఇరిగిన గేదిని ఏసినావా?"

"కొమ్ములు చూసే తీరిక మాకుండదు," అన్నాను.

తర్వాత నాకు తెలిసిందల్లా నా కాళ్లు నేలమీద లేవన్న సంగతి. ఒకరు బెల్టు పట్టుకున్నారు. ఒకరి చేతిలోకి గడ్డం మొత్తం వచ్చేసింది. టోపీ ఎగిరి అగ్గిపెట్టెల బల్ల మీద పడింది. కర్ర పైకి లేచింది. అప్పుడు వెనకనుంచి మా ఆవిడ గొంతు చాలా తాపీగా వినిపించింది.

"ఆగు నాన్నా. మొకం సూడు. నీ అల్లుడే."

మామగారు నన్ను ఎగాదిగా చూసి అన్నారు, "అల్లుడైతే అయినాడు, గేది ఏది?"

నన్ను కిందికి దించాక పత్రిక తెరిచి బొమ్మ చూపించాను. ఇది అమెరికా సంగతనీ, వందేళ్లు దాటిపోయిందనీ, నేను జన్మలో దేన్నీ చంపలేదనీ అన్నీ చెప్పుకున్నాను. ఆయన బొమ్మని దగ్గరగా పెట్టుకుని చూశారు. మూపురమేమిటి, గడ్డమేమిటి, ఇది గేదె ఎలా అవుతుందన్నారు. ఎన్ని ఉండేవని అడిగారు. లెక్కలేనన్ని అన్నాను. మరి ఇప్పుడో అన్నారు. కొన్నే మిగిలాయన్నాను. ఆయన బల్ల అంచున కూర్చుండిపోయారు.

"సూడితో ఉన్నవి కూడా ఉండుంటాయి కదా అందల," అన్నారు నెమ్మదిగా.

పది రోజులు డిక్షనరీతో చదివినవాణ్ణి, ఆ ఒక్క సంగతి నాకు తట్టలేదు.

తర్వాత ప్రదర్శన ఆయన చేతుల్లోకి వెళ్లిపోయింది. ఊరివాళ్లందర్నీ వరసలో నిలబెట్టి, కత్తి చూపించి, తుపాకీ ఎత్తించి, ఆ వేటగాళ్లని కడుపారా తిట్టించారు. ఆ గోలకి బజారు బజారంతా లోపలికొచ్చింది. కూరగాయలు కొనడానికొచ్చినవాళ్లు సంచులతో సహా నా బల్ల ముందే ఉన్నారు. జనంలోంచి పాలు పోసే ఒకాయన ముందుకొచ్చి, ఇంతకీ తప్పిపోయిన గేదె ఎలా ఉంటుందని అడిగాడు. మామగారు ఆనవాళ్లు చెప్పారు.

"నుదుటిమీద తెల్లమచ్చ కూడా ఉందేటి?" అన్నాడాయన. "రోడ్డట్టుకుని నడిసొచ్చేసి, నాలుగు రోజులై మా సాలలోనే ఉంది. ఎవుల్దో తెలక నానే మేతేత్తన్నాను."

ఊరు ఊరంతా అక్కడికి పరిగెత్తింది. గేదె మామగారిని చూసి తలెత్తి ఒక్క అరుపు అరిచింది. నన్ను కొట్టబోయిన ఆ మనిషే దాని మెడ మీద ముఖం ఆనించి ఏడ్చారు.

సాయంత్రం షీల్డు నాకే ఇచ్చారు. లెక్కపెట్టే కుర్రాడు మధ్యలోనే చేతులెత్తేశాడట. నాకు వెయ్యబోయిన దండ గేదె తినేసింది. లారీ మీద ఒక పక్క గేదె, ఒక పక్క షీల్డుతో నేను, ఆనందపురం దాకా ఊరేగింపులా వెళ్లాం. దారిలో ఆగిన ప్రతిచోటా మామగారు నన్ను చూపించి ఒకే మాట చెప్పారు.

"మా అల్లుడు గేదెల ఏటగాడు. ఏటాడి పట్టుకొచ్చినాడు."

ఆ రోజున షీల్డు మీద చెయ్యివేసి నేను చేసిన ప్రతిజ్ఞ ఇది: ఈ జన్మలో ఇక దేన్నీ చంపానని ఎవరి ముందూ ఒప్పుకోను. దోమనైనా సరే, అది ఎవరి తాలూకో ముందు కనుక్కుంటాను.