‘వరకు’ పక్కన ఖాళీ

ముప్పై ఏళ్ళు మా ఆయన తాత్కాలిక ఉద్యోగి. ఆయన చేతి మీదుగా పదకొండు మంది ముఖ్యమంత్రులు గోడెక్కారు. ఒక్కడూ ఐదేళ్ళు నిలవలేదు. అయినా తాత్కాలికుడు మాత్రం మా ఆయనేనట! వింటే ఒళ్ళు మండుతుంది నాకు.

ముఖ్యమంత్రి గదిలో కుర్చీ వెనక ఒక టేకు బోర్డు ఉంది. ఆ కుర్చీలో కూర్చున్న వాళ్ళందరి పేర్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నారో, బంగారు రంగు అక్షరాల్లో ఉంటాయి. ఆ అక్షరాలు మా ఆయనవే. చేరిన రోజునే పై అధికారి ఒక మాట చెప్పాడట: "మనిషి కుర్చీలో ఉండగా ‘నుంచి’ దాకానే రాయి. ‘వరకు’ అన్న మాట ఆయన కంట పడకూడదు." అప్పటి నుంచి ఆఫీసులో అందరూ ఆయన్ని ‘వరకు గారు’ అంటారు. వరకు గారు కుంచె పట్టుకుని మెట్లెక్కితే ఎవరికో మూడిందని అర్థం.

నేను అదే భవనంలో మంచినీళ్ళు అందిస్తాను, గదులు తుడుస్తాను. నాకు నోరెక్కువ. ఆయనకు నోట్లో నాలుకే లేదు.

ఆయన్ని పర్మనెంట్ చేయాలంటే ముఖ్యమంత్రి సంతకం కావాలి. ఏడుసార్లు ఫైలు ఆ బల్ల దాకా వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ దేశ రాజధానిలోని పార్టీ పెద్దలకు ఇక్కడి మనిషి మీద మనసు విరిగేది, కొత్తవాడు వచ్చేవాడు, పాత ఫైళ్ళన్నీ వెనక్కి పంపించేసేవాడు. ఎనిమిదోసారీ వెళ్ళింది. అప్పటికి ఆయనకు అరవై నిండటానికి తొమ్మిది రోజులే ఉంది. నిండితే ఇక ఎవరూ ఏమీ చేయలేరు. పెన్షనూ లేదు, ఉద్యోగి అన్న పేరూ లేదు.

అప్పుడున్న ముఖ్యమంత్రిని మేము ‘చూద్దాం గారు’ అనేవాళ్ళం. ఏది అడిగినా "చూద్దాం" అనేవాడు.

అంతలో ఒకరోజు సాయంత్రం ఐదింటికి పార్టీ శాసనసభ్యులంతా కలిసి తమ నాయకుణ్ణి ఎన్నుకుంటారన్నారు. రాజధాని నుంచి సీలు వేసిన కవరుతో ఒక పెద్దమనిషి దిగాడు. మధ్యాహ్నం రెండింటికే ఆ పెద్దమనిషి సహాయకుడు మా ఆయన్ని పిలిచి, చిన్న చీటీ చేతిలో పెట్టి, తలుపుకు కొత్త పేరు పలక నాలుగింటికల్లా కావాలన్నాడు. బయట నోరు విప్పితే ఊరుకోనన్నాడు.

మూడున్నరకు మెట్ల దగ్గర మా ఆయన నాకు ఎదురుపడ్డారు. చంకలో కాగితం చుట్టిన పలక. మొహం పాలిపోయి ఉంది.

"ఎవరి పేరు?" అన్నాను.

"చూద్దాం గారిది కాదే," అన్నారు మెల్లగా.

"అయితే ఇంకా నిలబడ్డారేం? గంటన్నర టైముంది. లోపలికెళ్ళి సంతకం పెట్టించుకోండి! అవసరమైతే ఆ పలక విప్పి చూపించండి!"

"మాటిచ్చాను కదే..."

"మాటట, బోడి మాట! ముప్పై ఏళ్ళ నుంచి వీళ్ళు మీకిచ్చిన మాటలేమయ్యాయి?"

నేనే చెయ్యి పట్టుకుని తలుపు దాకా లాక్కెళ్ళాను. చూద్దాం గారు అద్దం ముందు జుట్టు సవరించుకుంటున్నాడు. మా ఫైలు బల్ల మీదే ఉంది, పైనే ఉంది.

"అయ్యా, ఆ సంతకం..." అన్నారు మా ఆయన.

"ఇప్పుడేంటయ్యా? ఐదింటికి మళ్ళీ నన్నే ఎన్నుకుంటారు. ఆ తర్వాత తీరిగ్గా చూద్దాం."

మా ఆయన చంకలో పలక, నోట్లో మాట, రెండూ అలాగే ఉండిపోయాయి. నేను గుమ్మం దగ్గర పళ్ళు నూరుతూ నిలబడ్డాను. ఆ పూట ఆయన మీద వచ్చినంత కోపం నాకు ఏ ముఖ్యమంత్రి మీదా రాలేదు.

ఐదింటికి హాల్లో నీళ్ళందించింది నేనే. పెద్దమనిషి కవరు పైకెత్తి, "ఇందులో ఉన్న పేరు అందరికీ సమ్మతమేనా?" అన్నాడు. కవరు విప్పనేలేదు, చేతులన్నీ లేచాయి. సిగ్గూ శరమూ లేని చేతులు. చూద్దాం గారి చెయ్యి అందరికంటే ముందు లేచింది. పేరు చదివేసరికి చివరి వరసలో ఒకాయన రెండో గ్లాసు నీళ్ళడుగుతున్నాడు. ఆ పేరు ఆయనదే! గ్లాసు నా చేతిలోనే వదిలేసి లేచాడు. ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడని బయట చెప్పారు.

మర్నాడు ఉదయం ప్రమాణం అయింది. మా ఫైలు వెనక్కి వచ్చింది. మా ఆయన కుంచె తీసుకుని మెట్లెక్కారు.

మధ్యాహ్నం కొత్తాయన బంధువులతో, కెమెరాలతో గదిలోకి వచ్చాడు. బోర్డు వైపు తిరిగాడు. తన పేరు ఉంది, తేదీ ఉంది, ‘నుంచి’ ఉంది. ఆ పక్కన నిండు బంగారు రంగులో ‘వరకు’ కూడా ఉంది. దాని ముందు ఖాళీ.

"ఎవడు రాశాడిది?" అన్నాడు.

"నేనేనండీ," అన్నారు మా ఆయన.

"తుడిచెయ్!"

"తేదీ రాయలేదు కదండీ. అది కవర్లో వస్తుంది."

ముప్పై ఏళ్ళలో ఆయన గట్టిగా మాట్లాడటం నేను విన్నది అదొక్కసారే.

సాయంత్రానికల్లా కాగితం చేతికిచ్చారు. తాత్కాలిక ఉద్యోగి సేవలు ఈ తేదీ వరకు మాత్రమే అని ఉంది. ఆయనకు మాత్రం ఖాళీ వదల్లేదు, తేదీ వేశారు.

టేకు మీది ఆ అక్షరాలు గీకితే బోర్డంతా పాడవుతుందని ఆ మాటకు అడ్డంగా ఒక పెద్ద పూలకుండీ పెట్టించారు. రోజూ పొద్దున్నే ఆ గది తుడిచేది నేనే. తుడిచాక కుండీని జానెడు పక్కకు జరిపి వస్తాను.