నస్రీన్ మెయిళ్లలో తప్పులు వెతికిన నన్ను దేవుడు విడిపించిన విధం

సహోదరులారా, అక్కాచెల్లెళ్లారా, ఇక్కడ నిలబడి తాగుడు మానినవాళ్లు, జబ్బు నయమైనవాళ్లు సాక్ష్యం చెప్పడం మీరందరూ విన్నారు, నేనూ అదిగో ఆ మూడో వరుసలో కూర్చుని విన్నాను, విని ఇంటికి పోతూ నాకు అలాంటి అవసరం రాలేదులే అని లోలోపల తృప్తిపడేవాణ్ణి. నాకు మందు అలవాటు లేదు, సిగరెట్టు ముట్టను, ఆదివారం ఆరాధన ఎగ్గొట్టను. అలాంటి నన్ను రెండేళ్లకు పైగా ఒక పాపం లోపల్లోపల తినేసింది. దాని పేరు అసూయ. నా భార్య సుజాతకు తప్ప అది ఎవరికీ కనపడలేదు, ఆమె కనిపెట్టి అడిగినా నేను ఒప్పుకోలేదు.

నేను తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. నా పేరు ప్రభుదాసు, మాది వెంకటాచలం. కృష్ణపట్నం వైపు బొగ్గు నిల్వ చేసే ఒక యార్డులో కన్వేయర్ బెల్టుల మెయింటెనెన్సు సూపర్‌వైజరుగా పని చేస్తున్నాను. ఓడల్లో వచ్చిన బొగ్గును ఆ బెల్టులే మోసుకుపోయి గుట్టలు పోస్తాయి. ఐటీఐ చదివి హెల్పరుగా చేరాను, చేతులు కాల్చుకుని పని నేర్చుకున్నాను, బెల్టు పక్కన నడుస్తూ చప్పుడు విని దాని కింద తిరిగే ఏ రోలరు చెడిపోయిందో చెప్పగలిగే స్థితికి దేవుడు నన్ను తెచ్చాడు. కానీ ఇంగ్లీషులో రాయమంటే మాత్రం నా చెయ్యి కదిలేది కాదు. మొదట్లో రిజిస్టరులో నాలుగు మాటలు గీకితే సరిపోయేది. కొత్త మేనేజరు గారు వచ్చాక షిఫ్టు చివర నోటు కంప్యూటరులో ఎక్కించాలి, ఏది చెడిపోయినా రిపోర్టు పంపాలి, దేనికైనా మెయిలు రాయాలి అన్నారు. అంతా ఇంగ్లీషులోనే.

సరిగ్గా అప్పుడే నస్రీన్ అనే అమ్మాయి జూనియర్ ఇంజినీరుగా చేరింది. నెల్లూరులో బట్టలు కుట్టే ఒకాయన కూతురు. వచ్చిన కొత్తలో మెషీన్ల గురించి ఏ సందేహం వచ్చినా నా దగ్గరికే వచ్చేది. "ప్రభుదాసన్నా, ఈ చప్పుడు ఎందుకొస్తుండాది?" అని అడిగి, నేను చెప్పినదంతా శ్రద్ధగా విని, తన సీటు దగ్గరికి పోయి ఆరేడు లైన్లలో రాసి పంపేది. ఒకరోజు మీటింగులో మేనేజరు గారు ఆ అమ్మాయి రిపోర్టును తెర మీద పెట్టి, "రిపోర్టంటే ఇట్లా ఉండాలి, చదివిన వెంటనే ఏం చెయ్యాలో తెలుస్తా ఉంది" అన్నారు. ఆ విషయం చెప్పింది నేను. అది కనిపెట్టింది నా చెవులు. ఆ అమ్మాయి దాచుకోలేదు కూడా, సమాచారం ఇచ్చింది ప్రభుదాసు అని కింద రాసింది. కానీ ఆ లైను ఎవరూ బయటికి చదవలేదు. ఏసీ గదిలో కూర్చున్న నాకు ఒళ్లంతా మండిపోయింది.

ఆ రోజు నుంచి నేనేం చేశానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. మీటింగులో ఆ అమ్మాయి పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టేవాణ్ణి. తను పంపిన మెయిలు వస్తే విషయం కోసం చదివేవాణ్ణి కాదు, తప్పుల కోసం చదివేవాణ్ణి. ఒకసారి ఒక మాటలో ఒక అక్షరం తప్పు పడింది, ఆ రోజంతా నాకు పండగ, టీ దగ్గర ఇద్దరికి ఫోనులో చూపించాను, వాళ్లు ఇదేం పెద్ద విషయమన్నట్టు నా మొహం చూశారు. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నా అదే ధ్యాస. "ఎవురి మీదయ్యా అంత కోపం, ముద్ద నోట్లో పెట్టుకోకుండా పిసుకుతుండావు?" అని సుజాత అడిగితే, పని ఒత్తిడి అన్నాను. సంఘంలో ఎవరి పిల్లలకైనా ఉద్యోగం వచ్చిందని సాక్ష్యం చెబితే, అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టేవాణ్ణి గానీ, వీళ్లకే ఎందుకిస్తావు ప్రభువా అని లోపల అడిగేవాణ్ణి.

ఉపవాసం కూడా ఉన్నాను. మూడు శుక్రవారాలు ఉపవాసం ఉండి మోకాళ్ల మీద నేను చేసిన ప్రార్థన ఇది: "తండ్రీ, నేను నీ బిడ్డను, ఆ పిల్లకిచ్చిన దానికంటే ఎక్కువ ఇంగ్లీషు నాకియ్యి, ఆ మీటింగులో నన్ను తలగా ఉంచు, ఆ పిల్లను తోకగా ఉంచు." ప్రార్థన అయ్యాక కన్నీళ్లు కూడా తుడుచుకున్నాను. అది భక్తి అనుకున్నాను.

అంతటితో ఆగలేదు. పెద్దపెద్ద మాటలు రాస్తే గొప్ప ఇంగ్లీషు అవుతుందనుకుని, ఫోనులో వెతికి, ఆఫీసు ఉత్తరాల్లో ఉండే పొడుగు వాక్యాలు ఒక నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. వాటిని ముక్కలుముక్కలుగా తీసుకుని నా షిఫ్టు నోట్లలో అతికించేవాణ్ణి. చదివితే నాకే అర్థమయ్యేది కాదు, కానీ చూడటానికి బరువుగా ఉండేది, ఆ బరువు చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

ఇంతలో నస్రీన్ ఒక మంచి పని చేసింది. షిఫ్టు మారేటప్పుడు నింపడానికి ఒక పేజీ ఫారం తయారు చేసింది. ఏది చెడిపోయింది, ఇప్పుడు ఏం చేయకూడదు, ఎవరు బాగు చేయాలి, అంతే. ఇంగ్లీషు కిందే తెలుగు కూడా పెట్టింది. అందరికంటే ముందు నాకే తెచ్చి ఇచ్చి, "అన్నా, మీరు ఒకసారి చూసి మన సెక్షనులో అందరికీ ఇవ్వండి, మీరు చెప్తే వింటారు" అంది. నేను చూస్తానమ్మా అని తీసుకుని, ఆమె అటు తిరగ్గానే సొరుగులో అడుగున పడేశాను. నా వాళ్లు అడిగితే, అది మన పనికి పనికిరాదురా అన్నాను. ఆ అమ్మాయి తయారు చేసిన కాగితం మీద నేను రాయడమా అని నా పౌరుషం.

తర్వాత వచ్చిన ఒక బుధవారం నేను బతికినంత కాలం మర్చిపోలేను. ఆ ఉదయం ఒక బెల్టు పక్కనున్న అత్యవసర తాడు పని చేయడం లేదని కనిపెట్టి బెల్టు ఆపించాను. ఆ తాడు ఎందుకంటే, పక్కన పని చేసే మనిషికి ఏదైనా ప్రమాదమొస్తే లాగగానే బెల్టు ఆగిపోవాలి. తాడు బిగించాను గానీ దానికి కలిపిన స్విచ్చి మార్చాలి, కొత్తది స్టోర్సు నుంచి రాలేదు. మధ్యాహ్నం షిఫ్టు దిగేటప్పుడు నేను రాయాల్సింది రెండే మాటలు: స్విచ్చి పని చేయడం లేదు, బెల్టు నడపొద్దు. నేను ఏం రాశానో తెలుగులో చెబుతాను వినండి. అత్యవసర తాడుకు సంబంధించి అవసరమైన చర్యలు తీసుకోబడినవనియు, శేషించిన అంశము పరిశీలనలో ఉన్నదనియు, తత్సంబంధిత కార్యకలాపములు యథోచితముగా నిర్వహింపబడవలసినవనియు ఇందుమూలముగా తెలియజేయడమైనది. నస్రీన్ కూడా ఇంత గొప్పగా రాయలేదనుకుంటూ కంపెనీ బస్సెక్కాను.

రెండో షిఫ్టువాళ్లు అది చదివి, చర్యలు తీసుకున్నారంట, బాగైందంట అని బెల్టు నడిపారు. పక్కన పడిన బొగ్గు పారతో ఎత్తిపోయడానికి పెంచలయ్య అనే కాంట్రాక్టు కూలీ దిగాడు. అతని భుజం మీది తువ్వాలు రోలరులో పడి, దాంతో పాటు ఎడమ చెయ్యిని లాగేసింది. అతను కుడి చేత్తో తాడు లాగాడు, మళ్లీ లాగాడు, బెల్టు ఆగలేదు. కాస్త దూరంలో రిపోర్టు కోసం ఫోటోలు తీస్తున్న నస్రీన్ అతని కేక విని వాకీటాకీలో కంట్రోల్ రూముకు చెబితే వాళ్లు ఆపారు. ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదు. చెయ్యి రెండు చోట్ల విరిగింది, మోచేతి దాకా చర్మం ఊడిపోయింది.

మరుసటి రోజు ఎంక్వయిరీ. నా నోటు తెర మీద పెట్టారు. నేను ఎంతో కాలంగా కోరుకున్నది అదే కదా, నా ఇంగ్లీషు ఆ తెర మీద కనపడాలని. మేనేజరు గారు రెండుసార్లు చదివి, "ఇందులో బెల్టు నడపొద్దని ఎక్కడుంది?" అని అడిగారు. "షిఫ్టు ఫారం ఉంది కదా, ఎందుకు వాడలేదు? మీకు అందలేదా?" అన్నారు. సహోదరులారా, ఆ క్షణంలో నేను, "లేదు సార్, నాకు ఎవరూ ఇవ్వలేదు" అన్నాను. నస్రీన్ నా వైపు చూసి, "ఇచ్చినాను సార్" అని ఒక్క మాట అంది. నా సర్వీసు ఎక్కువ, తనది తక్కువ. అందరూ నా మాటే నమ్మారు. ఇకమీద సంతకం తీసుకుని ఇవ్వమ్మా అని మేనేజరు గారు ఆ అమ్మాయినే మందలించారు. చెప్పడానికి నోరు రావడం లేదు గానీ దాచకూడదు, ఆ మందలింపు విని నాకు ఒక చుక్క సంతోషం కలిగింది. మనిషి ఆసుపత్రిలో ఉండగా, ఆ మనిషిని కాపాడిన పిల్ల తిట్లు తింటుండగా, నాకు సంతోషం కలిగింది.

శుక్రవారం పొద్దున నెల్లూరు ఆసుపత్రికి పోయాను. పెంచలయ్య కట్టుతో పడుకుని ఉన్నాడు, నన్ను చూసి లేవబోయాడు. నోటు రాసింది నేనేనని అతనికి తెలియదు. "ఆ తాడు బాగలేదని నీకు ఎవురూ చెప్పలేదా?" అని అడిగాను. అతను నెమ్మదిగా అన్నాడు, "నాకు చదువు రాదు సారూ. మీరు రాస్తారు, ఇంకొకరు చదివి మాకు చెప్తారు. మీరు రాసినేది నమ్ముకోని మేం దిగతాం."

నేను బయటికొచ్చి ఆటోలు నిలబడే చోట గోడకానుకుని నిలబడ్డాను. నేను ఎప్పుడూ మేనేజరు కోసం రాశాను, నస్రీన్‌ని ఓడించడానికి రాశాను. చదవడం రాని ఈ మనిషి కోసం ఒక్క అక్షరం రాయలేదు. అక్కడే, ఆ హారన్ల మధ్య ప్రార్థన చేశాను. "ప్రభువా, నాకు ఇంగ్లీషు వద్దు, ముందు ఈ విషం తియ్యి. ఆ పిల్ల మేలు నాకు కీడుగా కనపడుతోంది, నా కళ్లు బాగుచెయ్యి. నిజం చెప్పే ధైర్యం ఇవ్వు, ఉద్యోగం పోతే పోనీ." నా ఉపవాసాల్లో ఒక్కసారి కూడా అంత నిజం పలకలేదు.

అటునుంచి అటే యార్డుకు పోయి, సొరుగులోని ఫారం తీసుకుని మేనేజరు గారి దగ్గరికి వెళ్లి, నస్రీన్‌ని కూడా పిలవమని అడిగి, ఇద్దరి ఎదుటా చెప్పాను. ఫారం నాకే ఇచ్చింది, నేనే దాచాను, అసూయతో దాచాను, నిన్న అబద్ధం చెప్పాను అని. మేనేజరు గారు నన్ను షిఫ్టు బాధ్యత నుంచి తప్పించారు, మెమో ఇచ్చారు. అది న్యాయమే. బయటికొచ్చాక నస్రీన్‌తో, నన్ను క్షమించమ్మా అన్నాను. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని, "నిన్నటి నుంచి నాకు అన్నం సయించలేదన్నా. మా నాయనతో కూడా మీ గురించి గొప్పగా చెప్పుండా. మీరట్టా అంటారని అనుకోలా" అంది. కోపంగా అరిచి ఉంటే నాకు తేలికయ్యేది. నాకు రాయడం నేర్పిస్తావా అని అడిగాను. సోమవారం తనే వచ్చి, "భోజనం తర్వాత ఒక అరగంట కూర్చుందాం రండన్నా" అంది.

మొదటి రోజు నా పాత నోటే ముందు పెట్టింది. "చర్యలు తీసుకోబడినవి అని రాసినారు. ఎవురు తీసుకున్నారన్నా? ఏం చర్య?" అని అడిగింది. చెప్పాను. "ఇప్పుడు చెప్పినారే, అదే రాయండి" అంది. అంతే సహోదరులారా. చదివేవాడు ఏం చేయాలో మొదటి లైనులో పెట్టడం, ఒక వాక్యంలో ఒకే సంగతి చెప్పడం, తెలియని మాట వాడకపోవడం. నా నోటుబుక్కులోని గొప్ప మాటలన్నీ ఒక్కొక్కటిగా కొట్టేశాం. దేవుడు నా ప్రార్థనకు జవాబిచ్చాడు గానీ, నేను తోకగా ఉంచమన్న ఆ పిల్ల దగ్గర నన్ను విద్యార్థిగా కూర్చోబెట్టి ఇచ్చాడు. దేవునికే మహిమ.

అసూయ ఒక్క రోజులో పోయిందని చెబితే అబద్ధమవుతుంది. తనను ఎవరైనా పొగిడితే ఇంకా లోపల కలుక్కుమనేది. పాస్టరు గారితో చెబితే, "అన్నా, ఆ అమ్మాయి పేరు పెట్టి రోజూ దీవెన అడుగు" అన్నారు. మొదట్లో పెదాలతోనే అడిగాను. ఒక నెల, రెండు నెలలు గడిచాక, ఒకరోజు తన రిపోర్టు చదువుతూ తప్పులు వెతకడం మర్చిపోయానని చివరి లైనుకొచ్చాక గుర్తొచ్చింది. పెంచలయ్య చెయ్యి అతుక్కుంది, పిడికిలి పూర్తిగా బిగియదు, గేటు దగ్గర తేలిక పనిలో ఉన్నాడు. నిజం తెలిశాక కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు, ఇప్పుడు మాట్లాడుతున్నాడు.

పోయిన నెల నస్రీన్ పైస్థాయి పోస్టుకు దరఖాస్తు పెట్టుకుంది. కలిసి పని చేసినవాళ్లలో ఒకరు ఉత్తరం రాయాలంటే నన్ను అడిగింది. ఇంటి దగ్గర కూర్చుని ఎవరి సాయం లేకుండా ఇంగ్లీషులో రాశాను. ఈమె ఒక మనిషి ప్రాణం కాపాడింది, నేను అబద్ధం చెప్పి ఈమెకు అన్యాయం చేశాను, అయినా ఈమె నాకు పని నేర్పింది, ఈమెను తీసుకోండి. నాలుగే వాక్యాలు. చదివి, "రెండో వాక్యం తీసెయ్యండన్నా, మీకు చెడ్డపేరు" అంది. "అది ఉంటేనే మిగతా మూడూ నమ్ముతారమ్మా" అన్నాను. ఆ పోస్టు ఆమెకే వచ్చింది. ఆ కబురు విన్నప్పుడు నా కడుపులో మంట కోసం వెతుక్కున్నాను, దేవుని కృప వల్ల అది అక్కడ లేదు.

ప్రియులారా, మీలో ఎవరికైనా ఒకరి పేరు వినగానే లోపల కాలుతోందా? పక్కింటివాళ్లు కావచ్చు, తోడికోడలు కావచ్చు, ఆఫీసులో పక్క సీటు కావచ్చు. సిగ్గుపడి దాచుకోకండి, నేను దాచుకుంటే దానికి ఇంకొకరి చెయ్యి బలైంది. నా ప్రభువు నన్ను ముందు మంచివాణ్ణి అయి రమ్మనలేదు, ఆసుపత్రి గోడ దగ్గర ఉన్నవాణ్ణి ఉన్నట్టుగానే తీసుకున్నాడు. మిమ్మల్నీ తీసుకుంటాడు. ఇప్పుడు పాస్టరు గారు ప్రార్థన చేస్తారు, ఆ పేరు గలవాళ్లు ఈ మందిరంలోనే ఉంటే మాత్రం ప్రార్థన అయ్యేదాకా ఆగకండి, లేచి వాళ్ల పక్కకు పోయి కూర్చోండి.