జ్వరం తీసుకుపోయిన బుగ్గలు

పెళ్లిచూపులకు పోయిన రోజు నా బుగ్గలు నిండుగా ఉన్నాయి. తర్వాత ఎవరూ కాదనకుండా ఆ మాట ముందే రాసిపెడుతున్నాను. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఎమ్మిగనూరులో మగ్గం నేసే కుర్రవాళ్లలో నా అంత కళగల ముఖం లేదని మా వీధిలో అనేవాళ్లు.

తాంబూలాలు పుచ్చుకున్న వారానికే విషజ్వరం పట్టింది. అప్పట్లో దానికి లంఖణాలే వైద్యం. ఇరవై రోజులకు పైగా బార్లీ నీళ్లు తప్ప మరేదీ గొంతు దిగనివ్వలేదు. లేచి అద్దం చూసుకుంటే బుగ్గలు లోపలికి పోయాయి, కళ్లు గుంటల్లో పడ్డాయి, పళ్లు మాత్రం పెద్దవైనట్టు కనిపించాయి. గడ్డం కింద చర్మం వేలాడుతోంది. నా ఇరవై రెండేళ్లకు ఇంకో పదిహేను వచ్చి కలిశాయి. ముహూర్తం మార్చుకుందామని మా నాయన అన్నాడు. నేను ఒప్పుకోలేదు.

ఆదోనిలో బస్సు దిగి పెళ్లింటికి చేరామో లేదో, పిల్ల మేనమామ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా, ఆ పొద్దు మేం చూసిన పిల్లోడు యాడ?"

"ఈడే ఉండాడు కదన్నా. జ్వరమొచ్చి సిక్కిపోయినాడు," అన్నాడు మా నాయన.

"జ్వరమొస్తే సిక్కుతారు గానీ ముసలోళ్లయితారా? పెండ్లాం సచ్చిపోయిన మీ పెద్దోన్ని తోలుకొచ్చినట్టుండారే!"

మా అన్నది అచ్చం నా పోలికే. షోలాపూరులో నేతపనికి పోయి పెళ్లికి రాలేకపోయాడు. పక్కన నిలబెట్టి చూపే వీలు లేదు. మేనమామ నన్ను అటు తిరగమన్నాడు, ఇటు తిరగమన్నాడు, నవ్వమన్నాడు. సంతలో ఎద్దునా నేను? అరుగు మీద కూర్చుని ముఖం తిప్పుకున్నాను.

"ఒక్క మాట మాట్లాడురా, అయిపోతాది," అని మా నాయన బతిమాలాడు. అనుమానం వాళ్లదైతే రుజువు నేనెందుకు చూపాలి? పెళ్లి తప్పిపోతుందని తెలుసు. ఆ పిల్ల నాకు నచ్చిందనీ తెలుసు. అయినా నోరు తెరవలేదు.

అప్పుడు పెళ్లికూతురే గడప దాకా వచ్చింది.

"మామా, ఆయనే. ఆ పొద్దు నువ్వు సినిగిన సాప ఏసినావని ఇట్లే మూతి ముడుసుకొని కూసున్న్యాడు. బుగ్గలు పోయినాయి గానీ ఆ మూతి యాడికీ పోలేదు."

ఇల్లంతా నవ్వింది. నేను నవ్వలేదు, గర్వపడ్డాను. అంత జ్వరమూ కరిగించలేనిది నా ముఖంలో ఒకటి మిగిలింది. దాన్ని ఒక్క చూపులో పట్టుకున్న మనిషి నాకు భార్య కాబోతోంది.

తాళి కట్టాక భోజనాలకు మేనమామ ఎవరెవరినో పంపి పిలిపించాడు. నేను కదల్లేదు. చివరికి ఆయనే వచ్చి నా చెయ్యి పట్టుకుని, "లెయ్యప్పా అల్లుడా, తప్పు నాదే," అన్నాక లేచాను. ఆ మాట అనడానికి ఆయన రెండు బంతుల జనం తిని లేచేదాకా ఆగాడు. అది కూడా నాకు జ్ఞాపకమే.