ముందు ఒకే చక్రం

మా దీవిలో తుష్నాబాద్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నాయన ఒళ్లో అన్నం పళ్లెమంత పళ్లచక్రం ఉంది. గేర్ల సైకిలు మీద చేపలమ్ముతాడట. ముందు పెడళ్ల దగ్గరున్న మూడు పళ్లచక్రాలకు బదులు ఒక్కటే వేసుకుని, వెనక ఈ పెద్దది బిగించుకుంటాడట.

మా అమ్మాయి సైకిలు బాగుచేసేది నేనే కనుక ఊరుకోలేకపోయాను. "ముందు ఎన్ని పళ్లు?"

"ముప్పై రెండు దీదీ. వెనక నలభై రెండు."

"పాతదానికి ముందు చిన్నది ఇరవై రెండు, వెనక ముప్పై రెండేగా? ముందు పళ్లని వెనక పళ్లతో భాగించి చూసుకోండి, ఎంత తక్కువొస్తే తొక్కడం అంత తేలిక. ఎత్తు ఎక్కేటప్పుడు తొక్కడానికి ఇదే ఎక్కువ బరువు. షాపువాడు మీకు టోపీ పెట్టాడు."

ఆయన చాలాసేపు లెక్కేసుకున్నాడు. "సహీ హై దీదీ. కానీ ముందు గేరు మార్చాల్సింది ఎడం చేత్తో కదా. బోటు తాడులో పడి ఆ వేళ్లు సచ్చుబడిపోనాయి. హేండిలు పడతాను గానీ గేరు నొక్కలేను."

"అయితే దిగి తోసుకోండి," అన్నాను, ఇంకా గెలిచిన ఊపులోనే.

"చేపల పెట్టె బరువుకి సైకిలు ఎనక్కొచ్చేత్తాది. మరేటి, చేపలు మానీమంటారా?"

నేను మళ్లీ పళ్ల లెక్కే చెప్పాను.

"మీరు సదువుకున్నోరు, మీ మాటే రైటు," అని బస్సు ఆపించి, చక్రం వాపసిచ్చెయ్యడానికి దిగిపోయాడు.

రెండు మలుపులు దాటాక తట్టింది. ముందు ఇరవై ఎనిమిది పళ్లది వేసుకుంటే, ఆ పెద్ద చక్రంతోనే పాతంత తేలిగ్గా ఎక్కేవాడు. దిగి వెనక్కి పరిగెత్తాను. రోడ్డు మీద ఎవరూ లేరు.

ఇప్పటికీ వీధిలో చేపలవాళ్ల కేక వినిపిస్తే గేటుదాకా వెళతాను. వచ్చినవాళ్లకు రెండు చేతులూ బాగానే ఉంటాయి.